బెట్ట పెడితేనే పువ్వు: కావలి ఎండల్లో తొలి వానకు పూసే రెయిన్ లిల్లీ

మంచు పూర్తిగా కరగకముందే నేలను చీల్చుకుని వచ్చే ఊదారంగు పువ్వు ఫొటో మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాని పేరు క్రోకస్. చలిదేశాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తోటంతా మోడువారి ఉన్నప్పుడు అన్నిటికంటే ముందు పూసేవాటిలో అదొకటి. ఆ పువ్వు మీద మనసుపడి కొన్నేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో పన్నెండు దుంపలు తెప్పించి, కావలిలో మా ఇంటి ముందు నవంబర్‌లో నాటాను. దర్భపోచల్లాంటి ఆకులు నాలుగైదు వచ్చాయి. పువ్వు రాలేదు. ఫిబ్రవరి చివర తవ్వి చూస్తే దుంపలన్నీ మెత్తబడి కుళ్లిపోయి ఉన్నాయి.

తప్పు దుంపది కాదు, మన వాతావరణానిది. క్రోకస్ దుంప లోపల మొగ్గ ముందే తయారై ఉంటుంది. అది సాగి బయటికి రావాలంటే సుమారు మూడు నెలలు గట్టి చలి తగలాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో సంక్రాంతి రాత్రుల్లో కూడా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ దుంప లెక్కలో అది చలే కాదు.

అయినా ఒక్కసారి పూయించి చూడాలనుకునే వాళ్లకు ఒక దారి ఉంది, ఫ్రిజ్. సెప్టెంబర్ చివరి వారంలో దుంపలను చిన్న కుండీలో, నీరు నిలవని మట్టిలో, రెండు మూడు అంగుళాల లోతున నాటాలి. మట్టిని కొంచెం తడిపి, కుండీని ఫ్రిజ్ అడుగు అరలో పన్నెండు నుంచి పదిహేను వారాలు ఉంచాలి. నాలుగు నుంచి ఏడు డిగ్రీల చలి చాలు, గడ్డకట్టకూడదు. ఆ అరలో ఆపిల్, అరటి లాంటి పండ్లు పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. రెండు వారాలకోసారి మట్టిని వేలితో తాకి, ఎండిపోతే కాసిన్ని నీళ్లు చిలకరించాలి. సంక్రాంతికి కాస్త ముందు బయటికి తీసి, ఇంట్లో చల్లగా, వెలుతురు బాగా ఉండే కిటికీ దగ్గర పెడితే రెండు మూడు వారాల్లో పూస్తుంది. మన పగటి వేడికి ఆ పువ్వు కొద్ది రోజులే ఉంటుంది. మరుసటి ఏడాదికి సరిపడా బలం దుంపకు రాదు, కాబట్టి అది ఒక్క ఏటి ముచ్చటే. ఇంకో విషయం. కాశ్మీర్ కుంకుమపువ్వు దుంపలు కూడా క్రోకస్ జాతివే గానీ అవి అక్టోబర్, నవంబర్‌లలో పూసే రకం. ఫొటోల్లో కనిపించే తొలి వసంతపు పువ్వు కావాలని అవి కొంటే నిరాశపడతారు.

ఫ్రిజ్‌లో అర ఖాళీ చేసి ఇంత పాట్లు పడే బదులు, క్రోకస్ చేసే పనినే మన ఎండలో చేసే మొక్కను పెంచడం మేలని నా అభిప్రాయం. కష్టకాలమంతా నేల కింద నిద్రపోయి, కాలం మారిందన్న తొలి గుర్తుకే లేచి పూయడం క్రోకస్ గుణం. అక్కడ కష్టకాలం అంటే మంచు. ఇక్కడ రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఆ ఎండను నేల కింద దాటేసి, తొలి వాన పడ్డ వారం రోజుల్లోపే పూసే దుంప మొక్క రెయిన్ లిల్లీ. పువ్వు చూడ్డానికి కూడా క్రోకస్‌లాగే ఉంటుంది. జానెడు ఎత్తు కాడ మీద ఆరు రేకుల గిన్నె. ఎండకు విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది.

దీని శాస్త్రీయ నామం జెఫిరాంథస్. గ్రీకు భాషలో పడమటి గాలి పువ్వు అని అర్థం. వాళ్లకు పడమటి గాలి అంటే పిల్లగాలి. మనకు మే నెలలో పడమటి గాలి అంటే వడగాలి. ఆ గాలికి మిగతా మొక్కలు మాడిపోతుంటే ఈ దుంప దానికేమీ పట్టనట్టు పడుకుని ఉంటుంది. ఈ పేరు మనకే బాగా కుదిరిందని నాకు అనిపిస్తుంది.

ఏ రంగు, ఏ రకం

మన నర్సరీల్లో ఎక్కువగా మూడు రకాలు దొరుకుతాయి. మూడింటి సొంత ఊరు అమెరికా ఖండాలే. గులాబీ రంగు పెద్ద పువ్వు రకం, శాస్త్రీయంగా జెఫిరాంథస్ కారినాటా, అన్నిటికంటే అందమైనది. పువ్వు మూడంగుళాల దాకా ఉంటుంది. బెట్టకు, అంటే నీళ్లు ఆపి ఎండబెట్టడానికి, ఆ తర్వాతి వానకు బాగా స్పందించేది ఇదే. మొదటిసారి పెంచేవాళ్లు దీంతో మొదలుపెట్టండి. పసుపు రంగు సిట్రినా చిన్న పువ్వు. విత్తనం రాల్చి తనంతట తానే పాకుతుంది. తెల్లటి కాండిడా వేరే తీరు. ఆకు సన్నగా, కొంచెం మందంగా, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. తేమ ఇష్టం. వానాకాలం చివర్లో ఎక్కువగా పూస్తుంది. మూడింటినీ ఒకే కుండీలో కలపొద్దు. గులాబీకి కావలసిన ఎండుదల తెల్లదానికి నచ్చదు.

దుంపలు తెచ్చుకోవడం

కొనడం కంటే అడగడం మంచిది. మన ఊళ్లలో పాత ఇళ్ల గోడల పక్కన, స్కూళ్ల ఆవరణల్లో ఈ మొక్క గుబురుగా పెరిగి ఉంటుంది. గుబురు నుంచి ఓ గుప్పెడు తీస్తే ఆ మొక్కకు నష్టం లేదు, మేలే. నర్సరీలో కొనేటట్టయితే పువ్వు ఉన్నప్పుడే కొనండి. ఆకు చూసి రంగు చెప్పడం అమ్మేవాళ్లకూ కష్టమే. విడి దుంపలైతే వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉండాలి. మెడ దగ్గర మెత్తగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా వద్దు. గోలీ సైజు దుంప ఆ ఏడాదే పూస్తుంది. బఠాణీ గింజంత దానికి ఇంకో ఏడాది పట్టొచ్చు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ దుంప అచ్చం చిన్న ఎర్రగడ్డలా ఉంటుంది, పొరలు కూడా అలాగే. కానీ విషం. లైకోరిన్ జాతి ఆల్కలాయిడ్లు ఉంటాయి, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. తెచ్చిన దుంపలను వంటింట్లోకి తీసుకురావద్దు. ఎర్రగడ్డల బుట్ట పక్కన అసలే పెట్టొద్దు. కవరు మీద పేరు రాసి, పిల్లలకు, కుక్కలకు అందని చోట ఉంచండి.

మట్టి: ఊరిని బట్టి మారే పని

రెయిన్ లిల్లీ మట్టి విషయంలో పెద్దగా పేచీ పెట్టదు. నీరు నిలిస్తే మాత్రం కుళ్లుతుంది. అయితే మన రెండు జిల్లాల్లో పది మైళ్లకో రకం నేల.

కావలి, ఉలవపాడు, కొత్తపట్నం వైపు తీరపు ఇసుక నేలల్లో నీరు నిలవదు, అంతవరకు అదృష్టమే. కానీ సత్తువ కూడా నిలవదు. జానెడు లోతు తవ్వి, తీసిన మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పొదలకూరు చుట్టుపక్కల ఎర్ర నేలలు ఈ మొక్కకు సరిగ్గా సరిపోతాయి, కొంచెం ఎరువు తప్ప ఏమీ అక్కర్లేదు.

చిక్కంతా ఒంగోలు వైపు నల్లరేగడితోనే. మా అక్క వాళ్లది అక్కడే. ఆమె నేలలో నేరుగా నాటిన దుంపలు మొదటి ఏడాది బాగా పూశాయి. నవంబర్ ముసురుకు బంకమట్టిలో ఊపిరాడక సగం పోయాయి. రెండోసారి నేల మీదే ఇటుకలు పేర్చి, జానెడు ఎత్తు మడి కట్టించాం. అడుగున చీమకుర్తి గ్రానైట్ ముక్కలు, పిడికిలి కంటే చిన్నవి, రెండంగుళాల మందాన పరిచాం. పైన ఎర్రమట్టి, పెన్నా ఇసుక, ఎరువు కలిపిన మిశ్రమం పోశాం. అప్పటినుంచి ఒక్క దుంప కూడా పోలేదు. రాతి ముక్కలు తెచ్చుకునేటప్పుడు రాయి కోసేటప్పుడు వచ్చే బూడిదలాంటి బురద అంటుకుని ఉంటే కడిగి వాడండి. అది గట్టిపడి నీటిదారిని మూసేస్తుంది.

కుండీలకు నేను వాడే కొలత ఇది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు, పది అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. రైస్ మిల్లు దగ్గర కాల్చిన ఊక దొరికితే ఇసుకలో సగం బదులు అది వేయండి, కుండీ తేలికవుతుంది. సముద్రపు ఇసుక వద్దే వద్దు, ఉప్పు. కొబ్బరి పొట్టు ఎక్కువ వేసినా తడి పట్టుకుని ఉండి, తర్వాత చెప్పబోయే బెట్ట కుదరదు.

నాటడం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాటితే దుంప వేళ్లు దించుకుని ఎండాకాలానికి సిద్ధమవుతుంది. జూన్‌లో నాటినా బతుకుతుంది గానీ ఆ ఏడాది పువ్వులు తగ్గుతాయి.

1. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. తూర్పు గోడ పక్కన అయితే మధ్యాహ్నం తర్వాత నీడ వస్తుంది, అది మంచిది.
2. కుండీ లోతు కంటే వెడల్పు ముఖ్యం. పది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల లోతు చాలు. అడుగున రంధ్రాలు కనీసం మూడు ఉండాలి.
3. దుంప మెడ పైకి ఉండేలా, రెండంగుళాల లోతున పెట్టండి. మెడ కొస మట్టిపైకి కాస్త కనిపించినా ఫరవాలేదు.
4. దుంపకూ దుంపకూ మధ్య రెండు మూడు అంగుళాలు చాలు. పది అంగుళాల కుండీలో ఎనిమిది నుంచి పది దాకా పట్టాలి. ఇరుకుగా ఉంటేనే ఇవి బాగా పూస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో కుండీలో పెట్టి విడివిడిగా అలంకరించకండి.
5. ఒకసారి నిండా నీళ్లు పోసి, ఆ తర్వాత పై మట్టి ఆరేదాకా ఆగండి.

నేలలో నాటితే గుర్తు పెట్టడం మర్చిపోవద్దు. ఎండాకాలంలో ఆకు ఎండిపోయి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. గడ్డి చెక్కేవాళ్లు పార పెడతారు. నేను మార్కాపురం పలక ముక్కలు గుచ్చి, వాటి మీద పేరు, నాటిన నెల గీకి పెట్టాను. ఎన్ని వానలు పడ్డా ఆ రాత పోలేదు.

బెట్ట: అసలు పని

ఇక్కడి దాకా చెప్పిందంతా ఎవరైనా చేస్తారు. అయినా చాలా ఇళ్లలో రెయిన్ లిల్లీ గడ్డిలా పెరిగి ఒక్క పువ్వూ పూయదు. కారణం ఒక్కటే, రోజూ నీళ్లు పోయడం. ప్రేమ కొద్దీ పోస్తారు. ఆ ప్రేమే దాన్ని పూయనివ్వదు.

పొదలకూరు నిమ్మ రైతుకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. పూత కావాలంటే ముందు చెట్టును బెట్ట పెడతారు. నీళ్లు ఆపి, ఆకు కాస్త వాడేదాకా ఉంచి, అప్పుడు ఎరువు వేసి నీళ్లు వదులుతారు. చెట్టంతా పూత పడుతుంది. రెయిన్ లిల్లీకి కూడా అదే సూత్రం. ఎండుదల తర్వాత ఒక్కసారిగా వచ్చే తడే దానికి పిలుపు. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో ఆ పిలుపు వినపడదు.

గులాబీ, పసుపు రకాలకు నేను పాటించే క్రమం ఇది. ఫిబ్రవరి చివర నుంచి నీళ్లు తగ్గిస్తాను. మార్చిలో కుండీలకు వారానికోసారి, ఏప్రిల్‌లో పది పన్నెండు రోజులకోసారి అర మగ్గు. అది దుంప ముడుచుకుపోకుండా ఉండటానికే. భరణి కార్తె మొదలయ్యాక, అంటే సుమారు ఏప్రిల్ ఆఖరు నుంచి, అదీ ఆపేస్తాను. నేలలో ఉన్నవాటికి మార్చి నుంచే చుక్క పోయను. ఆకులు పసుపుబారి పడిపోతాయి. మొదటి ఏడాది నాకు ఇది చూస్తే చాలా టెన్షన్‌గా ఉండేది. రోజూ సాయంత్రం మగ్గు పట్టుకుని వెళ్లి, పోయాలా వద్దా అని నిలబడేదాన్ని. పోయకండి. దుంప బతికే ఉంటుంది. అనుమానంగా ఉంటే పక్కన వేలితో మట్టి తీసి ఒక దుంపను తాకి చూడండి, గట్టిగా తగులుతుంది.

ఈ సమయంలో ఎండుదల మేలు చేస్తుంది గానీ ఉడుకు మేలు చేయదు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీ మే నెల మధ్యాహ్నం పొయ్యి మీద గిన్నెలా కాగుతుంది. కుండీలను కిందికి దించి, గోడ నీడకో వేపచెట్టు కిందకో చేర్చండి. నేలలో ఉన్నవాటి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి పరచండి. తొలి వాన వాసన రాగానే ఆ గడ్డి తీసేయాలి.

కృత్తిక, రోహిణి కార్తెల్లో ఏదో ఒక సాయంత్రం ఉరుముల వాన ఒకటి పడుతుంది. అది గంటసేపు గట్టిగా పడిందంటే కుండీలన్నీ ఆరుబయట పెట్టండి. నాలుగో రోజో ఐదో రోజో ఎర్రటి మొగ్గ కొసలు మట్టిలోంచి లేస్తాయి. ఆకు కంటే ముందే వస్తాయి చాలాసార్లు. మరో ఒకటి రెండు రోజుల్లో తెల్లారి లేచి చూస్తే నిన్నటి ఎండుమట్టి మీద గులాబీ గిన్నెలు. ఒక్కో పువ్వు ఒకటి రెండు రోజులే. కానీ దుంపలు వరసగా పూస్తాయి కాబట్టి నాలుగైదు రోజుల పండగ.

వాన రాకపోతే? మృగశిర కార్తె మొదలైనా, అంటే సుమారు జూన్ 8 దాటినా చినుకు లేకపోతే మనమే వాన కురిపించాలి. మగ్గుతో పైపైన పోస్తే లాభం లేదు, రెండంగుళాల మట్టే తడుస్తుంది. సాయంత్రం పూట కుండీని టబ్బులో పెట్టి, అంచుకు అంగుళం కింద దాకా నీళ్లు నింపి, అరగంట నాననివ్వండి. తర్వాత తీసి పూర్తిగా వోడ్చండి. నేల మడికైతే పైపుతో సన్నగా, లోతుదాకా తడిసేలా చాలాసేపు పట్టాలి. నా అనుభవంలో పట్టి ఉంచుకున్న వాన నీళ్లతో చేసినప్పుడు పువ్వులు ఎక్కువ వచ్చాయి. మా బోరు నీళ్లు ఉప్పు. వాటితో చేసినప్పుడు ఆకు కొసలు మాడాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. తీరం వైపు ఇళ్లలో ఇది సాధారణమే కాబట్టి, ఒక డ్రమ్ము వాన నీళ్లు ఈ పనికోసం పట్టి పెట్టుకోండి.

పూశాక వదిలేయొద్దు. ఆకు పచ్చగా ఎదిగే మూడు వారాలూ మామూలుగా నీళ్లు పోయండి, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేయండి. వచ్చే పువ్వుకు బలం ఆ ఆకే ఇస్తుంది, అందుకని దాన్ని కత్తిరించడం, ముడివేయడం చేయకండి. తర్వాత మళ్లీ రెండు మూడు వారాలు ఆపి, మళ్లీ నానబెట్టండి. నైరుతి వానలు మన దగ్గర తెరిపి ఇచ్చి ఇచ్చి పడతాయి కదా, వరి కయ్యలకు అది బాధే గానీ ఈ మొక్కకు అదే కావాలి. సెప్టెంబర్ దాకా ఇలా రెండు మూడు విడతలు పూయించుకోవచ్చు.

తెల్ల రకానికి ఇంత కఠినంగా వద్దు. వేసవిలో వారానికోసారి తడి ఇస్తూ, ఆగస్టులో ఒక పది రోజులు ఆపి వదిలితే చాలు.

ముసురు, తుపాను

మన అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పటికి గులాబీ రకం అలసిపోయి ఉంటుంది, ఇంక పూయించే ప్రయత్నం మానేయండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు మా పెరట్లో కుండీల చుట్టూ నీరు నిలిచింది. ఇటుకల మీద ఉన్న కుండీలు బయటపడ్డాయి, నేల మీద ఉన్న రెండింటిలో దుంపలు కుళ్లాయి. అందుకే దసరా నాటికే కుండీలన్నిటినీ రెండేసి ఇటుకల మీదకు ఎత్తి, అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి పొడిచి చూస్తాను. కింద పెట్టే ప్లేట్లు తీసేయండి.

పురుగు

వానాకాలంలో నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్రటి మచ్చలు ఉన్న గొంగళిపురుగు కనిపిస్తే ఆ రోజే పట్టించుకోండి. లిల్లీ జాతి మొక్కలంటే దానికి ప్రాణం. ఆకును తిని, దుంప మెడ దాకా దిగుతుంది. రాత్రికి రాత్రి కుండీ ఖాళీ చేస్తుంది. కొద్దిగా ఉంటే చేతికి గుడ్డ చుట్టుకుని ఏరి, సబ్బు నీళ్లలో వేయడమే మంచి మందు. ఎక్కువైతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగుభాగం కూడా తడిసేలా కొట్టండి. వారానికి మళ్లీ ఒకసారి. ఆకు మొదట్లో దూదిలాంటి పిండినల్లికి కూడా ఇదే పనిచేస్తుంది. యూరియా జోలికి వెళ్లకండి. ఆకు మెత్తగా, బాగా పెరుగుతుంది, పురుగుకు విందు, మనకు పువ్వు ఉండదు.

పెంచుకోవడం, పంచడం

పసుపు రకానికి పువ్వు రాలాక మూడు అరల కాయ కట్టి, ఎండి పగులుతుంది. లోపల కాగితంలా పల్చటి నల్ల గింజలు. వాటిని దాచిపెట్టొద్దు, తాజాగా ఉన్నప్పుడే మట్టి మీద చల్లి, పైన వేలి మందం కంటే తక్కువగా ఇసుక కప్పితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. పూయడానికి ఒకటి రెండేళ్లు. గులాబీ పెద్ద పువ్వు రకానికి గింజ కట్టడం అరుదు, దానికి పిల్ల దుంపలే దారి.

ఆ పిల్ల దుంపల కోసం తొందరపడి ప్రతి ఏడూ తవ్వకండి. కదిలించిన ఏడాది పువ్వు తగ్గుతుంది. మూడు నాలుగేళ్లకు కుండీ ఉబ్బి, దుంపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మట్టిపైకి వస్తే అప్పుడు, జనవరిలో, కుండీని బోర్లించి గడ్డను చేత్తో విడదీయండి. కత్తి వాడొద్దు. వేళ్లు తెగకుండా విడదీసి, అదే రోజు నాటండి. నేను మొదట నాటిన పది దుంపలు నాలుగేళ్లకు తీస్తే నలభైకి పైనే ఉన్నాయి. కొన్ని మా అక్క మడిలోకి వెళ్లాయి, కొన్ని పక్కింటికి. ఎవరికి ఇచ్చినా కాగితం పొట్లం మీద రెండు మాటలు రాసి ఇస్తున్నాను: తినకూడదు, ఏప్రిల్ ఆఖరు నుంచి నీళ్లు పోయకూడదు.